పోకెమాన్‌పై విమర్శలు: ఏవి నిలుస్తాయి, ఏవి నిలవవు

సంక్షిప్తంగా

1996లో జపాన్‌లో నింటెండో సంస్థ చేతి యంత్రం గేమ్ బాయ్ మీద మొదలైన, కల్పిత ప్రాణులను పట్టి పెంచి పోరాటాలకు దింపే పోకెమాన్ వీడియో గేముల సిరీస్‌పై వచ్చే విమర్శల్లో రెండు వేర్వేరు వాదనలు కలగలిసి ఉంటాయి. ఆట తీరు ఎప్పటికీ మారదని, మరీ సులువని అనేది ఒకటి. ఇటీవలి గేముల సాంకేతిక నాణ్యత దిగజారిందనేది రెండోది. మొదటిది చాలావరకు ఈ ఆట నిర్మాణాన్ని సగమే చూడడం వల్ల పుట్టిన వాదన. రెండోది నిజమే గాని, దానికి కారణాన్ని రూపకర్తల సోమరితనంలో కంటే విడుదలల క్యాలెండరులో వెతకడం మేలు. ఈ రెంటినీ విడదీయకుండా సిరీస్‌ను సమర్థించడం ఎంత కష్టమో, సరిగా విమర్శించడమూ అంతే కష్టం.

అమ్మకాలు జవాబు కావు

ఈ సిరీస్‌లో 2022 నవంబరు 18న విడుదలైన స్కార్లెట్, వయొలెట్ గేములు తొలి మూడు రోజుల్లోనే ప్రపంచవ్యాప్తంగా కోటి కాపీలకు పైగా అమ్ముడుపోయాయి. ఆ మూడు రోజుల్లోనే పాత్రలు నేలలోకి కూరుకుపోతున్న దృశ్యాలు, దూరంగా నడుస్తున్న మనుషులు ఆగి ఆగి కదులుతున్న దృశ్యాలు ఇంటర్నెట్ అంతటా వ్యాపించాయి. అప్పటి నుంచి వాదన ఒకే గాడిలో నడుస్తోంది. ఒక పక్షం ఆ దృశ్యాలను చూపిస్తే, మరో పక్షం అమ్మకాల లెక్కను ముందు పెడుతుంది. నిజానికి తొలి వారం అమ్మకాలు చెప్పేది అంతకుముందు గేముల మీద జనం పెంచుకున్న నమ్మకాన్నే తప్ప కొత్త గేము నాణ్యతను కాదు. కాబట్టి సిరీస్‌ను సమర్థించదలచినవారు ముందుగా ఈ లెక్కను పక్కన పెట్టి, గేము లోపల ఏముందో చూడాలి.

ఇద్దరి కోసం కట్టిన ఆట

ఈ గేములను తయారు చేసే గేమ్ ఫ్రీక్ సంస్థను స్థాపించిన సతోషి తాజిరి చిన్నతనంలో పురుగులు పట్టి దాచుకునే అలవాటు ఉన్నవారు. రెండు గేమ్ బాయ్ యంత్రాలను కలిపే లింక్ కేబుల్ గుండా ప్రాణులు ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి వెళ్లడమనే ఊహ నుంచే పోకెమాన్ పుట్టింది. దాదాపు ఆరేళ్లు సాగిన తయారీ తర్వాత 1996 ఫిబ్రవరి 27న రెడ్, గ్రీన్ అనే రెండు రూపాల్లో ఆ గేము బయటికి వచ్చింది. కథ ఒకటే, పటమూ ఒకటే. కానీ కొన్ని ప్రాణులు ఒక రూపంలో దొరికితే మరో రూపంలో దొరకవు. కడాబ్రా, హాంటర్ వంటివి ఇతరులతో మార్చుకుంటే తప్ప తుది దశకు ఎదగవు. ఆరంభంలో ఇచ్చే మూడు ప్రాణుల్లో ఒకదాన్నే ఎంచుకోవాలి. అంటే ఎంత ఓపిక ఉన్నా, ఎంత నేర్పు ఉన్నా ఒక్కడే ఆడి ఈ ఆటను పూర్తి చేయలేని విధంగా నియమాలను కావాలనే అమర్చారు.

ఒకే గేమును రెండు పెట్టెల్లో అమ్మడం డబ్బు గుంజే ఎత్తుగడ అన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. ఆ లాభం సంస్థకు దక్కిందనడంలో సందేహం లేదు. అయితే ఈ ఏర్పాటు లేకపోతే మార్పిడికి కారణమే ఉండదు. అందరి దగ్గరా అన్నీ దొరికే ప్రపంచంలో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. రెండు పెట్టెలూ కొనక్కర్లేదు, అవతలి పెట్టె ఉన్న మనిషి ఒకరు తెలిస్తే చాలు అన్నదే ఆ రూపకల్పనలోని మాట. 2006లో వచ్చిన డైమండ్, పెర్ల్ గేములు ఇంటర్నెట్ ద్వారా ప్రపంచంలో ఎవరితోనైనా మార్పిడి చేసుకునే వీలు కల్పించాక ఆ షరతు మరింత తేలికైంది. అయినా రెండు రూపాల్లో అమ్మే అలవాటు ఇప్పటికీ కొనసాగుతోంది. ఆ అవసరం మునుపటంత బలంగా లేదని ఒప్పుకోవడమే న్యాయం.

ఈ పునాదిని గుర్తు పెట్టుకుంటే సిరీస్ మీద వచ్చే మిగతా ఫిర్యాదులు వేరే వెలుగులో కనిపిస్తాయి. ఒంటరిగా ఆడే ఇతర రోల్ ప్లేయింగ్ గేముల్లో కథ ముగియడంతో ఆట ముగుస్తుంది. ఇక్కడ కథ ముగిసేసరికి ఆటగాడు ఇతరులతో తలపడే అర్హత మాత్రమే సంపాదిస్తాడు. విమర్శకులు చాలామంది ముప్పై నలభై గంటల కథను ఆడి, దాని మీదే తీర్పు ఇస్తారు. వారు చూసింది నిజమే గాని, అది మొత్తం కాదు.

సులువైన దారి, లోతైన నియమాలు

ఆట మరీ సులువన్న ఆరోపణకు ఆధారాలు లేకపోలేదు. ఎదురయ్యే ప్రత్యర్థుల్లో అధికులు రెండు మూడు ప్రాణులతోనే వస్తారు. ఒక్క బలమైన ప్రాణిని పెంచుకుంటే కథ చాలావరకు దానితోనే నెట్టుకు రావచ్చు. 2018 నాటి లెట్స్ గో గేముల నుంచి ప్రధాన గేముల్లో యుద్ధంలో పాల్గొనని ప్రాణులకూ వాటి స్థాయిని పెంచే అనుభవ పాయింట్లు తప్పనిసరిగా పంచే పద్ధతి స్థిరపడింది. అంతకుముందు దాన్ని ఆపుకునే వీలు ఉండేది.

అయితే ఈ సులువైన కథ కింద పరచి ఉన్న నియమాల వ్యవస్థ ఏ కొలతతో చూసినా సులువైనది కాదు. ప్రాణులకు నిప్పు, నీరు, గడ్డి వంటి 18 రకాలు ఉన్నాయి. ఒక్కో ప్రాణి ఒక రకానికి గాని, రెండు రకాలకు గాని చెందవచ్చు కాబట్టి మొత్తం 171 కలయికలు సాధ్యమవుతాయి. నిప్పు మీద నీరు గెలుస్తుంది, నీటి మీద గడ్డి గెలుస్తుంది, గడ్డి మీద నిప్పు గెలుస్తుంది అన్నంత వరకు ఆరేళ్ల పిల్లలకు కూడా వెంటనే బోధపడుతుంది. రెండు రకాలున్న ప్రాణి మీద దెబ్బ నాలుగింతలు కావచ్చు, నాలుగో వంతుకు తగ్గవచ్చు, అసలే తగలకపోవచ్చు అన్నది కొంత ఆడాక తెలుస్తుంది. ఒక్కో ప్రాణికి ఆరు సామర్థ్యాలు, ఒక్కో సామర్థ్యానికి 0 నుంచి 31 దాకా పుట్టుకతో వచ్చే విలువ, శిక్షణతో పంచుకునే 510 పాయింట్లు, వాటిలో ఒక్క సామర్థ్యానికి 252కు మించి పెట్టకూడదన్న హద్దు, వీటిని పది శాతం పెంచి తగ్గించే 25 స్వభావాలు: ఇవన్నీ పోటీల్లోకి దిగినవారు మాత్రమే పట్టించుకునే పొర.

ఈ పొరలు ఒకదాన్నొకటి అడ్డుకోకపోవడమే ఇందులోని నేర్పు. పై పొరతో ఆగిపోయిన పిల్లవాడికి కింది పొర ఉన్నట్టు కూడా తెలియదు. తెలియకపోయినా ఆటలో అతనికి ఏ తలుపూ మూసుకోదు. కథను కఠినం చేస్తే ఈ అమరిక చెడుతుంది. ఎందుకంటే కింది పొర మీద పట్టు లేనివాడు మధ్యలోనే ఆగిపోతాడు, ఆగిపోయినవాడు మార్పిడికీ పోటీకీ మిగలడు. ఆట బతికేది ఆడేవారి సంఖ్య మీద అయినప్పుడు గడప ఎత్తు తక్కువగా ఉంచడం నిర్లక్ష్యం కాదు, అవసరం.

పోటీ యుద్ధాల తీరు కూడా గమనించదగినది. చదరంగంలో ఒకరి ఎత్తు చూసి మరొకరు ఎత్తు వేస్తారు. ఇక్కడ ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ముందే నిర్ణయం తీసుకోవాలి, ఆ తర్వాతే రెండు నిర్ణయాలూ ఒకేసారి అమలవుతాయి. కాబట్టి ప్రశ్న ఏది బలమైన ఎత్తు అన్నది కాదు, అవతలివాడు దేన్ని బలమైన ఎత్తు అనుకుంటాడు అన్నది. 2002 నాటి రూబీ, సఫైర్ గేములతో ఒక్కో పక్షాన రెండేసి ప్రాణులు దిగే డబుల్ బ్యాటిల్ వచ్చింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు 2009 నుంచి ఈ పద్ధతిలోనే జరుగుతున్నాయి. ఆరు ప్రాణులతో జట్టు కట్టి, ప్రత్యర్థి జట్టును చూశాక వాటిలో నాలుగింటిని ఎంచుకోవడంతోనే సగం ఆట నిర్ణయమైపోతుంది.

2014 ప్రపంచ పోటీల్లో దక్షిణ కొరియాకు చెందిన సెజున్ పార్క్ గెలిచిన తీరును అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అతని జట్టులో పచిరిసు అనే చిన్న ఉడుత లాంటి ప్రాణి ఉంది. దాని మూల సామర్థ్యాల మొత్తం 405 మాత్రమే. మిగతా జట్లలో ఆరు వందల స్థాయి ప్రాణులు బారులు తీరి ఉన్నాయి. పచిరిసు పని గెలవడం కాదు. ప్రత్యర్థి దెబ్బలను తన మీదికి లాగి పక్కనున్న గ్యారడోస్ అనే బలమైన ప్రాణిని కాపాడడం. ఆ ఎత్తు ఫలించింది. బలమైన వాటిని పోగుచేసిన వాడిదే విజయం అన్న అభిప్రాయానికి ఇంతకంటే స్పష్టమైన ఖండన దొరకదు. అదృష్టం పాత్ర ఎక్కువన్న విమర్శ మాత్రం మిగులుతుంది. ప్రతి దెబ్బ విలువా 85 నుంచి 100 శాతం మధ్య యాదృచ్ఛికంగా మారుతుంది, కొన్ని దెబ్బలు అసలే గురి తప్పుతాయి. మంచి ఆటగాళ్లు ఆ సంభావ్యతలను లెక్కలోకి తీసుకునే ఆడతారు గాని, ఫైనల్‌లో ఒక్క గురి తప్పిన దెబ్బ ఫలితాన్ని తిరగేసినప్పుడు ఆ సమాధానం ఓడినవారికి పెద్ద ఓదార్పు కాదు.

సులువు విషయంలో సమర్థనకు అందని అంశం ఒకటుంది. కఠినంగా ఆడదలచినవారికి ఆ ఎంపిక ఇవ్వడం వల్ల పిల్లలకు నష్టమేమీ లేదు. 2012లో వచ్చిన బ్లాక్ 2 గేములో కఠిన స్థాయి ఒకటి పెట్టారు. కాకపోతే కథ మొత్తం పూర్తి చేశాకే అది తెరుచుకునేది, అప్పటికి దానితో ఎవరికి పని? ప్రత్యర్థి కొత్త ప్రాణిని దింపేటప్పుడు ఆటగాడు తన ప్రాణిని కూడా ఉచితంగా మార్చుకునే వీలును ఆపుకునే సెట్టింగు తొలి తరం గేముల నుంచీ ఉండేది, స్కార్లెట్, వయొలెట్‌లో దాన్నీ తీసేశారు. ఓడిన ప్రాణిని ఇక వాడకూడదు, ఒక్కో చోట మొదట ఎదురైన ప్రాణినే పట్టాలి అంటూ ఆటగాళ్లే నజ్‌లాక్ అనే నియమావళిని తయారు చేసుకుని ఏళ్ల తరబడి ఆడుతున్నారు. ఆ నియమావళికి ఆట లొంగడం దాని నిర్మాణ బలానికి సాక్ష్యం. ఆ పని ఆటగాళ్లే చేసుకోవలసి రావడం మాత్రం రూపకర్తల లోపానికి సాక్ష్యం.

మారనిది ఏది, మారింది ఏది

ఎనిమిది జిమ్‌లు (ఒక్కో నాయకుడిని ఓడించాల్సిన పోరాట శాలలు), ఆ పైన నలుగురు మేటి ప్రత్యర్థులు, చివర ఛాంపియన్. ఈ వరుస దాదాపు ఇరవై ఏళ్లు నిలిచిన మాట వాస్తవం. మరో జపాన్ రోల్ ప్లేయింగ్ సిరీస్ ఫైనల్ ఫాంటసీ ప్రతి సంఖ్యకూ లోకాన్ని, పాత్రలను, తరచుగా యుద్ధ పద్ధతిని కూడా మార్చేస్తుంది. దానితో పోలిస్తే పోకెమాన్ కదలనట్టే ఉంటుంది. కానీ ఆ పోలికలో ఒక తేడా మరుగున పడుతుంది. ఒక ఫైనల్ ఫాంటసీ గేములోని పాత్రలు తర్వాతి గేములోకి ప్రయాణించాల్సిన పని లేదు. పోకెమాన్‌లో 2002 నాటి గేములో పట్టిన ప్రాణిని వరుసగా తరాలు దాటించి నేటి గేములోకి తెచ్చుకున్నవారు ఉన్నారు. అంత కాలం నిలిచే సేకరణకు నియమాల వెన్నెముక కూడా నిలకడగా ఉండాలి.

ఆ వెన్నెముక చుట్టూ జరిగిన మార్పులు చిన్నవి కావు. తొలి మూడు తరాల్లో ఒక దెబ్బ శారీరకమా, ప్రత్యేకమా అన్నది దాని రకాన్ని బట్టి నిర్ణయమయ్యేది. నీటి దెబ్బలన్నీ ప్రత్యేకమైనవే కాబట్టి, శారీరక బలం మెండుగా ఉండి ప్రత్యేక బలం కొరవడిన గ్యారడోస్ నీటి ప్రాణి అయి ఉండి కూడా నీటి దెబ్బను సరిగా వాడుకోలేకపోయేది. 2006లో ఈ విభజన ఒక్కో దెబ్బకూ విడిగా మారడంతో వందల ప్రాణుల విలువ ఒక్కసారిగా తారుమారైంది. 1999లో రెండు, 2013లో ఒకటి చొప్పున కొత్త రకాలు చేరి 15 కాస్తా 18 అయ్యాయి. 2010 నాటి బ్లాక్, వైట్ గేములు ఒక్కసారిగా 156 కొత్త ప్రాణులను తెచ్చి, ప్రధాన కథ ముగిసేదాకా పాతవాటిని కనపడనివ్వలేదు. మార్పు కావాలన్నవారు కోరేది సరిగ్గా ఇదే. అయినా అప్పట్లో పాత ప్రాణులు లేవన్న ఫిర్యాదే ఎక్కువగా వినిపించింది, ఆ గేముల సాహసాన్ని మెచ్చుకోవడం చాలా ఏళ్ల తర్వాత మొదలైంది.

తీసివేతల వివాదం

2019 జూన్‌లో సీనియర్ రూపకర్త జునిచి మసుదా, రాబోయే స్వోర్డ్, షీల్డ్ గేముల్లో పాత ప్రాణులన్నీ ఉండవని ప్రకటించారు. అభిమానులు డెక్సిట్ అని పేరు పెట్టిన ఈ గొడవ సిరీస్ చరిత్రలోనే పెద్దది. విడుదల నాటికి గేములో ఉన్నవి 400, అప్పటికి మొత్తం ప్రాణులు దాదాపు 890. అన్నింటినీ సేకరించడమే లక్ష్యంగా రెండు దశాబ్దాలు ప్రచారం చేసిన సిరీస్ సగానికి పైగా ప్రాణులను గడప బయట నిలబెట్టడం ఆగ్రహం తెప్పించడంలో ఆశ్చర్యం లేదు.

సంస్థ చూపిన కారణాలు రెండు: మెరుగైన యానిమేషన్, పోటీలో సమతూకం. మొదటిది బలహీనమైన జవాబు. బయటికి వచ్చిన గేములో యానిమేషన్ ఆ త్యాగానికి తగ్గ స్థాయిలో లేదు, మైదానంలోని ఒక చెట్టు చిత్రం నెలల తరబడి ఎగతాళికి గురైంది. రెండోదానికి మాత్రం బరువుంది. కొత్త ప్రాణి ఒకటి చేరితే దాని బలం ఒక్కటే చూస్తే చాలదు, ఉన్న ప్రతి ప్రాణితో, ప్రతి దెబ్బతో, ప్రతి ప్రత్యేక లక్షణంతో అది ఎలా కలుస్తుందో, ఎలా తలపడుతుందో చూడాలి. ప్రాణుల సంఖ్య రెట్టింపైతే జంటల సంఖ్య సుమారు నాలుగింతలవుతుంది. ఇప్పుడు వాటి సంఖ్య 1025కు చేరింది. ఏదో ఒక గేములో ఆగక తప్పదు. పైగా ఇది తొలిసారీ కాదు. 2002లో రూబీ, సఫైర్ వచ్చినప్పుడు పాత గేముల నుంచి ఒక్క ప్రాణిని కూడా తెచ్చుకునే దారి లేదు. ఆ తెగతెంపులను ఇప్పుడు ఎవరూ గుర్తు చేసుకోరు.

పరిమిత జాబితా వల్ల ఒక లాభమూ కలిగింది. ప్రతి గేములోనూ పోటీ రంగం కొత్తగా మొదలవుతుంది, ఏళ్ల తరబడి రాజ్యమేలిన ప్రాణులు లేని చోట ఇతరులకు అవకాశం వస్తుంది. అయితే మిగిలిన ప్రాణులను దాచుకునే పోకెమాన్ హోమ్ సేవలో పెద్ద ఎత్తున నిల్వ చేయాలంటే చందా కట్టాలి. గేములో చోటు దొరకని వాటికి అద్దె వసూలు చేయడాన్ని సమతూకం పేరుతో సమర్థించలేం.

సమర్థించలేనిది

సాంకేతిక లోపాల సంగతి వేరు. స్కార్లెట్, వయొలెట్ విడుదలైన రెండు వారాలకే నింటెండో అప్‌డేట్ ప్రకటనలో క్షమాపణ చెప్పింది. అవి నడిచే నింటెండో స్విచ్ యంత్రం మీదే 2017లో వచ్చిన జెల్డా సిరీస్ గేము బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ అంతకంటే విశాలమైన లోకాన్ని అంతకంటే నిలకడగా చూపించింది కాబట్టి, తప్పంతా యంత్రానిదే అనే వాదన చెల్లదు. ఆ గేముకు తర్వాతి భాగం రావడానికి ఆరేళ్లు పట్టింది. గేమ్ ఫ్రీక్ ఒక్క 2022లోనే జనవరిలో లెజెండ్స్ ఆర్సియస్ అనే మరో పోకెమాన్ గేమును, నవంబరులో స్కార్లెట్, వయొలెట్‌ను విడుదల చేసింది. ఆ సంస్థలో పనిచేసేది సుమారు రెండు వందల మంది. ఏటా ఒక గేము తెచ్చే కాల్ ఆఫ్ డ్యూటీ వెనుక ఒకరి తర్వాత ఒకరుగా బాధ్యత తీసుకునే పలు పెద్ద స్టూడియోలు ఉన్నాయి.

ఇంత తొందర ఎందుకన్న ప్రశ్నకు జవాబు తేదీల్లో దొరుకుతుంది. రూబీ, సఫైర్ జపాన్‌లో విడుదలైన 2002 నవంబరు 21నే పోకెమాన్ కొత్త టీవీ యానిమేషన్ సిరీస్ మొదలైంది. డైమండ్, పెర్ల్ విడుదలైన 2006 సెప్టెంబరు 28న కూడా అంతే. 2016లో సన్, మూన్ గేములకు ఒక్కరోజు ముందు, 2019లో స్వోర్డ్, షీల్డ్‌కు రెండు రోజుల తర్వాత కొత్త సిరీస్‌లు ప్రసారమయ్యాయి. కార్డులు, బొమ్మలు, సినిమాలు అన్నీ కొత్త తరం ప్రాణుల మీదే ఆధారపడతాయి. ఆ ప్రాణులు మొదట పుట్టేది గేములో. కాబట్టి గేము ఆలస్యమైతే ఆ ఒక్క సంస్థే కాదు, గొలుసంతా ఆగిపోతుంది. సిద్ధం కాని గేమును ఆపగలిగే అధికారం ఇలాంటి ఏర్పాటులో ఎవరి చేతిలోనూ పూర్తిగా ఉండదు. ఇది కారణం మాత్రమే, మినహాయింపు కాదు. పూర్తి ధర చెల్లించిన ఆటగాడికి టీవీ ప్రసారాల పట్టికతో సంబంధం లేదు.

నైతిక అభ్యంతరాలు

ప్రాణులను పట్టి కొట్లాటకు దింపడం క్రూరత్వమన్న అభ్యంతరం పాతదే. జంతు హక్కుల సంస్థ పెటా 2012లో దీని మీద ఒక వ్యంగ్య గేమును కూడా తయారు చేసింది. అప్పటికే రెండేళ్ల కిందట బ్లాక్, వైట్ గేముల కథ ఇదే ప్రశ్నను ఎన్ అనే ప్రత్యర్థి పాత్ర నోట పెట్టి, చివరిదాకా దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకుండా నడిపింది. జింక్స్ అనే ప్రాణి రూపం నల్లజాతివారిని కించపరిచేలా ఉందన్న విమర్శ వచ్చాక దాని ముఖం రంగును ఊదాగా మార్చారు. తొలి తరాల్లో ఉన్న స్లాట్ మెషీన్లు కూడా కాలక్రమంలో పోయాయి. ఈ విషయాల్లో విమర్శ పని చేసింది, సిరీస్ సర్దుకుంది. ఇంతకు మించి ఇక్కడ చెప్పుకోవలసింది లేదు.

ఇక ముందు

2024లో ప్రధాన గేము ఏదీ రాలేదు. చాలా ఏళ్లుగా అలవాటైన వేగానికి ఇది చెప్పుకోదగ్గ విరామం. 2025 జూన్‌లో నింటెండో కొత్త యంత్రం స్విచ్ 2 వచ్చినప్పుడు స్కార్లెట్, వయొలెట్‌కు ఉచిత అప్‌డేట్ ఇచ్చారు. దానితో తడబడిన ఫ్రేమ్ రేటు (సెకనుకు చూపే చిత్రాల సంఖ్య) చాలావరకు కుదుటపడింది, ఆట నియమాల్లో మాత్రం ఒక్క అక్షరమూ మారలేదు. అప్పటిదాకా గేమునే తిట్టినవారిలో కొందరు అది బాగుందని ఒప్పుకోవడం, రూపకల్పన లోపాన్నీ అమలు లోపాన్నీ విడిగా చూడాలన్న వాదనకు దొరికిన అరుదైన ఆధారం. 2025 అక్టోబరులో వచ్చిన లెజెండ్స్ జెడ్ ఏ వంతుల పద్ధతిని వదిలి నిజ సమయ యుద్ధాలను తెచ్చింది. మార్పే లేదన్న ఫిర్యాదుకు అది గట్టి జవాబు. అయితే ఆ గేములోని భవనాల గోడలు చదునుగా గీసిన బొమ్మల్లా ఉన్నాయన్న ఫిర్యాదుకు మాత్రం జవాబు రాలేదు.

అసలు పరీక్ష పోకెమాన్ ఛాంపియన్స్ రూపంలో ఉంది. 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన ఈ గేములో కథ ఉండదు, యుద్ధాలే ఉంటాయి. అధికారిక పోటీలను దానిలోకి మార్చాలన్నది సంస్థ ఉద్దేశం. అదే జరిగితే ప్రధాన గేముల మీద సమతూకం భారం చాలావరకు తగ్గుతుంది. అప్పుడు ప్రాణులను ఎందుకు తీసివేశారన్న ప్రశ్నకు ఇంతకాలం నిలబడిన బలమైన జవాబు కూడా బలహీనపడుతుంది. కథ సులువుగా ఉండడానికి చూపే కారణానిదీ అదే పరిస్థితి. పోటీ పొర మరో గేములోకి వెళ్లిపోతే, కింద ఉన్న లోతును చూపించి పైనున్న సులువును సమర్థించడం ప్రధాన గేము విషయంలో ఇక కుదరదు. ఇన్నాళ్లూ కథను మాత్రమే ఆడి తీర్పు ఇచ్చిన విమర్శకుల కొలమానం అప్పటి నుంచి సరైన కొలమానమే అవుతుంది.